చెరిపేసిన రెండో సగం

మొన్న నేను సౌండు రికార్డింగు నేర్పే క్లాసులో ఒక అమ్మాయి తన ఫోనుకు స్పీకరు తగిలించి ఒక ఆల్బమ్ వినిపించింది. గోపాలపట్నం బ్యాండు మేళం జనం ముందు వాయిస్తుండగా చేసిన రికార్డింగు అది. రెండు పాటలయ్యాక ఆపి, "సార్, ఇది మీరు చేసిందేనట కదా. సౌండు చాలా శుభ్రంగా ఉంది. కానీ వీళ్లకి వాయించడం రాదా?" అని అడిగింది.

ఆ అమ్మాయి తప్పేమీ లేదు. చెవికి ఏది వినిపించిందో అదే అడిగింది. కానీ నాకు ఒళ్లు మండింది. ఆ మంట ఇంటికి వచ్చి అన్నం తిన్నా చల్లారలేదు. ఎందుకంటే ఇదే మాటను ఏడెనిమిదేళ్లుగా ఈ ఊళ్లో రకరకాల నోళ్లలో వింటున్నాను. సభల్లో విన్నాను, పెళ్లి భోజనాల దగ్గర విన్నాను. "బ్యాండు మేళాలు పోవడానికి డీజేలు కారణం కాదండీ, వాళ్లలోనే సత్తా పోయింది, కావాలంటే ఆ ఆల్బమ్ వినండి" అంటారు. ప్రతిసారీ తల ఊపి ఊరుకున్నాను. ఎడమ చెవి మొరాయించి రికార్డింగు పని మానేశాక ఇప్పుడు నాకు పోయేదేమీ లేదు. పోయేదేమీ లేనప్పుడు నిజం చెప్పడం గొప్ప కాదని నాకూ తెలుసు. అయినా చెబుతాను. ఈ పనిలోకి కొత్తగా వస్తున్న మీకు ఇది తెలియాలి.

ఆ ఆల్బమ్‌లో ఉన్నది ఆ సాయంత్రం జరిగినదాంట్లో మొదటి సగమే. రెండో సగం కూడా రికార్డయింది. ఇప్పుడది ఎక్కడా లేదు. చెరిపేసింది నేను. ఎవరి కోసం చెరిపానో, అందులో ఏముందో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

గోపాలపట్నం మెయిన్ రోడ్డు మీంచి లోపలికి తిరిగే సందులో, టైర్ల కొట్టు పక్కన ఆ బ్యాండు వాళ్ల షాపు ఉండేది. గోడలకు ఎర్ర కోట్లు, వాటి భుజాల మీద బంగారు రంగు జరీ తాళ్లు. పైకప్పు నుంచి ఇత్తడి వాద్యాలు పనసకాయల్లా వేలాడేవి. దాని యజమాని, క్లారినెట్టు వాయించేవాడు, అందరికీ మేష్టారు. అణకువ గల మనిషి అని మాత్రం నేను చెప్పలేను. మీసానికి రంగు వేసేవాడు. షాపులో ఎవరు కూర్చున్నా తన గురించి తనే మొదలుపెట్టేవాడు. "నాను క్లారినెట్టెత్తితే పెళ్ళికూతురు పీటల మీంచి తొంగి సూడాల. సూడకపోతే ఆ పెళ్ళి నాకు నచ్చదు" అనేవాడు.

"పెళ్ళికొడుక్కీ నచ్చదు బావా, తొంగి సూత్తే" అనేవాడు ఆయన బావమరిది. బ్యాండులో పెద్ద డ్రమ్ము అతనిదే. వీళ్లిద్దరూ రోజంతా ఇలాగే ఒకరినొకరు గిల్లుకుంటూ ఉండేవాళ్లు. ఊరేగింపు మొదలయ్యాక మాత్రం మాటలుండవు. బావమరిది కళ్లు వేరే పనిలో ఉంటాయి. ఆ పనేమిటో నాకు అప్పుడు తెలియదు.

అచ్యుతాపురంలో ఒక పెద్ద ఫ్యాక్టరీ ఉంది. ఏటా విశ్వకర్మ పూజకు అక్కడి కార్మికులు విగ్రహాన్ని ఊరేగిస్తారు. ఆ ఊరేగింపుకు ఎప్పుడూ ఈ బ్యాండే. దాన్ని చూసి చుట్టుపక్కల ఫ్యాక్టరీల వాళ్లూ పిలిచేవారు. పెళ్లిళ్లు తగ్గిపోయిన రోజుల్లో బ్యాండు నిలబడింది ఆ ఊరేగింపుల మీదే. ఆ ఏడాది పూజా కమిటీలోకి కుర్రాళ్లు వచ్చారు. డీజే బండి పెడదామన్నారు. పాతవాళ్లు బ్యాండే కావాలని పట్టుబట్టడంతో, "సరే, మేష్టారి వాయింపు రికార్డుంటే పంపమనండి, విని చెప్తాం" అన్నారు.

సరిగ్గా అప్పుడే ఒక సాంస్కృతిక సంఘం కార్యదర్శి గారు ఆ షాపు మెట్లెక్కారు. మెత్తగా మాట్లాడే పెద్దమనిషి. ఉత్తరాంధ్ర కళల్ని కాపాడాలన్నది ఆయన తపన. బ్యాండు మొత్తాన్ని జనం ముందు వాయింపజేసి, ఆ వాయింపునే ఆల్బమ్‌గా తెస్తామన్నారు. ఖర్చంతా సంఘానిదే. రికార్డింగుకు నన్ను మాట్లాడారు. మేష్టారికి ఇది ఆకాశం నుంచి ఊడిపడిన అదృష్టంలా కనిపించింది. ఆల్బమ్ రావడం, అచ్యుతాపురం పంపడం, అంతే.

కుర్చీల సంగతి ఇక్కడే చెప్పాలి. వేదిక మీద వాళ్లను ఎలా ఉంచాలని నేను అడిగినప్పుడు, మేష్టారు నా చెయ్యి పట్టుకున్నారు. "కుర్సీలెయ్యి బాబూ. మా నాన్న నడిసినాడు, నాను నడత్తన్నాను. ఎండలో నడుస్తాం, వానలో నడుస్తాం, ఆఖర్న ఆళ్ళ భోజనాలయ్యాక దొడ్డి గుమ్మం కాడ తింటాం. ఒక్కపాలి కుర్సీలో కూకుని వాయిస్తాను. ఎదురుగుండా జనం కూడా కూకుని ఇనాల. కచేరీలాగ."

కార్యదర్శి గారు చాలా సంతోషించారు. నేనూ సంతోషించాను. మనుషులు కదలకపోతే మైకులు పెట్టడం తేలిక.

గోపాలపట్నంలోనే ఒక కల్యాణ మండపం తీసుకున్నారు. ముందు వరసల్లో సంఘం ఆహ్వానించిన పెద్దలు. వెనక యారాడ నుంచి బస్సు కట్టుకుని కొండ దాటి వచ్చిన మత్స్యకారులు. వాళ్ల అమ్మవారి పండగకు మేష్టారి తండ్రి కాలం నుంచీ ఈ బ్యాండే వాయిస్తోంది, అందుకని వచ్చారు. ఒక పక్కగా బ్యాండు వాళ్ల ఆడవాళ్లు, పిల్లలు. వాళ్లలో చాలామంది తమ మగవాళ్లు వాయించగా చూడడం అదే మొదటిసారి. అవును మరి, బ్యాండు ఎప్పుడూ పరాయివాళ్ల పెళ్లిలోనే కదా ఉంటుంది. మేష్టారి భార్య కొత్త చీర కట్టుకుని ఆ వరసకు చివర కూర్చుంది.

కార్యదర్శి గారు మైకు ముందుకు వచ్చి, ఇది రికార్డింగు కాబట్టి ఎవరూ లేవకూడదని, ఈలలు వేయకూడదని, పాట పూర్తయ్యాక మాత్రమే చప్పట్లు కొట్టాలని చెప్పారు. యారాడ వాళ్లు మొహమొహాలు చూసుకున్నారు. అప్పుడు మేష్టారు కూడా మైకు అందుకుని, "మనోల్లందరికీ సెప్తన్నాను. ఎవులూ లెగొద్దు. ఇది పెద్దోల్ల పోగ్రాము" అన్నారు.

ఎవరూ లేవలేదు. మేష్టారి మాట అంటే వాళ్లకు అంత గౌరవం.

వాయించారు. ఒక్క స్వరం తప్పు పోలేదు. ప్రతి వాద్యానికీ విడిగా మైకు పెట్టాను. మేష్టారి క్లారినెట్టుకైతే వైరు లేని చిన్న మైకు తగిలించాను. హెడ్‌ఫోన్‌లో ఒక్కొక్క వాద్యం అద్దంలో చూసినట్టు వినిపిస్తోంది. నా పాతికేళ్ల పనిలో అంత శుభ్రమైన శబ్దం పట్టలేదని పొంగిపోయాను. వేదిక మీద మనుషుల్ని మాత్రం చూడలేదు. చూసి ఉంటే, డ్రమ్ము వాయించే బావమరిది కళ్లు హాలంతా దేన్నో వెతుకుతున్నాయని తెలిసేది.

ఊరేగింపు బ్యాండులో తాళం నడిపించేది మేష్టారు కాదు, ఎదురుగా చిందులేస్తూ ఎగిరేవాళ్ల కాళ్లు. పెద్ద డ్రమ్ము మనిషి ఆ కాళ్లనే చూస్తూ వాయిస్తాడు. కాళ్లు అలిసిపోతే వదులు చేస్తాడు, కొత్త గుంపు దూకితే బిగిస్తాడు. మేష్టారు ఎగిరేవాళ్ల వైపు తిరిగి వెనక్కి నడుస్తూ, వాళ్ల మొహాలు చూసి పాట మారుస్తాడు. ఆ సాయంత్రం వాళ్ల ముందు ఒక్క కాలూ కదల్లేదు. ఈ పద్ధతంతా ఆ తర్వాత బావమరిదే నాకు చెప్పాడు. ఊరేగింపులు నేను చిన్నప్పటి నుంచీ చూసినవే. వాటిల్లో ఎగిరాను కూడా. కానీ మైకులు ఎక్కడ పెట్టాలని ఆలోచించిన ఆ నెలంతా ఒక్కసారైనా నాకు ఆ కాళ్లు గుర్తు రాలేదు.

విరామంలో మేష్టారు చెమట తుడుచుకుంటూ నా దగ్గరికి వచ్చారు. "ఎలాగుంది బాబూ?"

"చాలా క్లీన్‌గా ఉంది మేష్టారూ."

"కిలీనే" అన్నాడు బావమరిది టీ చప్పరిస్తూ. "ఆస్పత్రి గచ్చులాగున్నాది."

మేష్టారి భార్య కూడా లేచి వచ్చింది. భర్తను ఎగాదిగా చూసి, "ఏటయ్యా, పరామర్సకొచ్చినోల్లాగ కూకున్నారు? ఇన్నాళ్ళూ ఊరోల్ల పెళ్ళిళ్ళకెళ్ళి నువ్వు సేసింది ఇదేనా?" అంది.

"సంగీతం అంటే నీకేటి తెల్సు? ఎల్లి కూకో."

"కూకోను."

"లెగిసి ఏటి సేత్తావు?"

"సూద్దువు గానీ" అని వెళ్లిపోయింది.

రెండో సగం మొదలైంది. పల్లవి ఒకసారి తిరిగి వచ్చేలోపే ఆమె తన వరస దాటుకుని, వేదికకూ పెద్దల కుర్చీలకూ మధ్యనున్న ఖాళీలోకి వచ్చింది. కొంగు నడుముకు దోపుకుంది. ఎగరడం మొదలుపెట్టింది. ఒక్కతే. హాల్లో ఇంకెవరూ కదల్లేదు. కార్యదర్శి గారు సగం లేచి, ఏం చేయాలో తెలియక మళ్లీ కూర్చున్నారు. మేష్టారు కళ్లు పెద్దవి చేసి ఆమెను కసురుతున్నారు, క్లారినెట్టు నోట్లో ఉండబట్టి మాట రావడం లేదు.

డ్రమ్ము మైకులో బావమరిది కేక స్పష్టంగా పడింది. "బావా, కాళ్ళొచ్చినాయి."

ఆ వెంటనే పడిన దెబ్బకు నా మీటరు ఎర్ర గీత దాటింది. యారాడ వాళ్లు కుర్చీలు పక్కకు నెట్టారు. ఆడవాళ్లే ముందు దిగారు. వాళ్ల వెనక ముసలివాళ్లు, కుర్రాళ్లు. ముందు వరస పెద్దల్లో ఒకాయన చెప్పులు వదిలేసి గుంపులో కలిసిపోవడం నేను చూశాను. మేష్టారు లేచి, అంత మోజుపడి అడిగిన కుర్చీని కాలితో వెనక్కి తన్నేశారు. బ్యాండు బ్యాండంతా వేదిక దిగింది. నా మైకులు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. వైర్లు కాళ్లకు చుట్టుకున్నాయి. రికార్డింగు పరంగా సర్వనాశనం.

నేను మిగతా మైకులన్నీ మూసేసి క్లారినెట్టు ఒక్కటే విన్నాను. ఆ చిన్న మైకు ఆయనతో పాటే నడుస్తోంది. వల లాగేటప్పుడు యారాడ వాళ్లు పాడుకునే పదం ఒకటి మేష్టారు ఎత్తుకున్నారు. దాన్ని పైకి తీసుకెళ్లి ఒకచోట నిలిపారు. నిలిపి వదల్లేదు. చుట్టూ డ్రమ్ములు దంచుతున్నాయి, జనం అరుస్తున్నారు, ఆ ఒక్క స్వరం వణకకుండా అలాగే ఉంది. ఊపిరి ఎక్కడి నుంచి తెచ్చుకుంటున్నాడీ మనిషి అని నేను భయపడ్డాను. తర్వాత ఆ స్వరాన్ని మెట్టు మెట్టుగా దింపుకుంటూ వచ్చి, చివరి మెట్టు దగ్గర పెళ్లి పాటలోకి మళ్లించారు. భార్య వైపు చూస్తూ. ఆమె నవ్వుతోంది. హెడ్‌ఫోన్ పెట్టుకున్నది నేనొక్కణ్నే. అంత గొడవలో ఆ క్లారినెట్టును పూర్తిగా విన్నది నేనొక్కణ్నే.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఎగిరేవాడికి చేతులు ఖాళీగా ఉండవు కదా.

వారం తర్వాత కార్యదర్శి గారు స్టూడియోకి వచ్చారు. మొదటి సగం కళ్లు మూసుకుని విన్నారు. రెండో సగం పెడితే మూడు నిమిషాలకే చెయ్యెత్తారు. "ఇది సంగీతమా, గొడవా?" అన్నారు. నేను ఏదో అనబోయాను. ఆయన సంచిలోంచి ఆల్బమ్ అట్ట తీసి చూపించారు. అప్పటికే అచ్చయిపోయింది. అంతరించిపోతున్న బ్యాండు కళకు ఆఖరి నమస్కారం అని పేరు. రికార్డింగు జరగక ముందే పెట్టిన పేరు. "ఈ పేరు పెట్టుకుని లోపల ఈ గంతులు పెడితే జనం నవ్వరూ?" అన్నారు నవ్వుతూనే. "ఇంతకీ సాంకేతికంగా మీరేమంటారు?"

"సాంకేతికంగా పనికిరాదండి" అన్నాను.

అది నిజం. మైకులు పడిపోయాయి, శబ్దం చీలిపోయింది, కేకలు వాద్యాలను మింగేశాయి. పనికిరాదన్న మాట పనివాడిగా అన్నానని ఇన్నాళ్లూ సర్దిచెప్పుకున్నాను. ఆయనకు కావలసింది ఆ మాటేనని అప్పుడూ తెలుసు. వాళ్లు బతికే ఉన్నారనడానికి ఆధారం నా చేతిలో ఉంది. ఆయనకు కావలసింది చచ్చిపోతున్న కళ. మధ్యలో నా మాట ఒక్కటే తక్కువైంది. ఇచ్చేశాను. అక్కడితో ఆగలేదు. మొదటి సగంలో పాటల చివర చప్పట్లు పలుచగా ఉన్నాయన్నారు. ఒక కాలేజీ వార్షికోత్సవంలో రికార్డు చేసిన చప్పట్లు తెచ్చి అతికించాను. ఈ రోజుకీ ఆ ఆల్బమ్‌లో మీరు వింటున్నది ఆ కాలేజీ పిల్లల చప్పట్లే.

తర్వాత ఒక భక్తి పాటల పని వచ్చింది. కంప్యూటరు డ్రైవులో జాగా కావాలి. రెండో సగాన్ని చెరిపేశాను. ఎవరూ బలవంతం చేయలేదు. క్లారినెట్టు మైకులో పడినదాన్ని ఒక్కదాన్నైనా పక్కన పెట్టుకుంటే సరిపోయేది. పెట్టుకోలేదు. ఆ పూట తీరిక లేదు, అంతకు మించి కారణం వెతికినా దొరకదు.

ఆల్బమ్ వచ్చింది. మేష్టారు అచ్యుతాపురం పంపారు. కమిటీ కుర్రాళ్లు విన్నారు. "ఇది పెడితే ఊరేగింపులో జనం నిద్దరోతారు మేష్టారూ" అని ఫోన్లో చెప్పేశారు. ఆ కుర్రాళ్లను తిట్టాలని నాకు లేదు. వాళ్లు విన్నది అదే మరి. పక్క ఫ్యాక్టరీలూ అదే దారి పట్టాయి. బ్యాండులో సగం మంది అదే అచ్యుతాపురంలో కాంట్రాక్టు పనికి కుదిరారు. ఆ తర్వాతి పూజకు, తాము ఏళ్ల తరబడి వాయించిన ఊరేగింపులో, డీజే బండి వెనక ఫ్యాక్టరీ యూనిఫాంలో నడిచారట.

కార్యదర్శి గారికి మాత్రం ఆ ఆల్బమ్ బాగా కలిసొచ్చింది. ఎక్కడ మాట్లాడినా దాన్నే వినిపిస్తారు. "చూశారా, నైపుణ్యం ఉంది, ప్రాణం పోయింది" అంటారు. గొంతు కూడా జీరబోతుంది. నాకు అన్నిటికన్నా మండేది ఆ జీర. ఊపిరాడకుండా జనాన్ని కుర్చీలకు కట్టేసి, ఊపిరి లేదని ఏడ్చే హక్కు ఆయనకెవరిచ్చారు? ప్రాణం తన ఎదురుగానే లేచి ఎగిరింది. ఆయన సగం లేచి చూసి, కూర్చున్నారు. క్లాసు జరిగిన మర్నాడు ఆయనకు ఫోన్ చేసి అడిగాను. ఇది ఆ సాయంత్రంలో సగమేనని, మిగతాది రికార్డింగు చేసినవాడే చెరిపేశాడని నా పేరుతో ఆల్బమ్ వివరంలో చేర్చమన్నాను. "ఇప్పుడవన్నీ ఎందుకండీ, ఆల్బమ్‌కి మంచి పేరు వచ్చింది కదా" అన్నారు.

ఫోన్ చేసిన రోజు సాయంత్రమే గోపాలపట్నం వెళ్లాను. షాపులో సగం ఇప్పుడు ఫోన్ల కవర్లు అమ్మేవాళ్లది. మిగతా సగంలో మేష్టారు, ఆయన భార్య ఉన్నారు. యారాడ పండగకు మాత్రం ఇప్పటికీ బ్యాండు వెళ్తుంది, బావమరిది నడిపిస్తున్నాడు. మేష్టారు వాయించడం లేదు. పై పళ్లు పోయాయి. క్లారినెట్టు పట్టాలంటే పై పళ్లు ఉండాలి.

అంతా చెప్పేశాను. మేష్టారు మీసం దువ్వుకున్నారు. రంగు వేయడం మానేసినట్టున్నారు.

"పోన్లే బాబూ. పనికిరానిది సెరిపీసినావు. నాకూ తెల్సు, ఆ రోజు అంతా గందరగోలం అయిపోనాది. డ్రమ్ముల్లో నా వాయింపు నాకే ఇనపడ్నేదు. నువ్వు ఇన్నావు గదా. ఎలాగ వాయించినాను?"

చెప్పాను. ఆ వల పదం దగ్గర మొదలుపెట్టాను. స్వరం ఎక్కడ నిలిపారో, ఎంతసేపు నిలిపారో, ఎలా దింపుకుంటూ వచ్చారో చెప్పాను. మాటలు చాలక నాకు రాని గొంతుతో పాడి చూపించాను. ఆయన భార్య పని ఆపి వింటోంది. చెబుతూ చెబుతూ నేను ఎక్కడున్నానో మరిచిపోయాను.

ఆయన మొహంలో నవ్వు వస్తూ వస్తూ ఆగిపోయింది.

"అంత బాగా వచ్చిందని నీకు అప్పుడే తెల్సా?"

"తెలుసు మేష్టారూ."

"తెలిసి సెరిపీసినావా?"

తల ఊపాను.

"బాగోలేక పోనాదనుకున్నాను ఇన్నాళ్ళూ" అన్నారు. "నా వల్లే పోనాదనుకున్నాను. నువ్వు ఎల్లిపో. ఇయాల నీతో మాటాడ్నేను."

వచ్చేశాను. రెండు రోజులు కూర్చుని ఇక్కడిదాకా రాసి, తీసుకెళ్లి వాళ్లిద్దరికీ చదివి వినిపించాను. మొదట రాసినప్పుడు కుర్చీల ఆలోచన కూడా కార్యదర్శి గారిదే అన్నాను. కోపంలో చెయ్యి అలా పోయింది. చదవడం పూర్తయ్యాక మేష్టారు నా మొహం చూడకుండా గోడనున్న కోటు వైపు చూస్తూ అన్నారు.

"అక్కడ మార్సు. కుర్సీలు నానే అడిగినానని రాయి."

"సరే మేష్టారూ."

"మిగతాదంతా మీరిద్దరూ సేసిందే అని కూడా రాయి."

రాశాను.